బ్యాడ్జి మారితే బండి మారదు

పాత కారు బేరానికి పోయినవాళ్లు ముందు కంపెనీ పేరు అడుగుతారు. మా మద్నూర్ మెకానిక్‌లు బానెట్ ఎత్తమంటారు. సంగారెడ్డి - నాందేడ్ హైవే మీద సరిహద్దు ఊరు మాది. మన బండ్లతో పాటు నాందేడ్ ఎంహెచ్ 26 నంబర్లవీ వాళ్ల చేతికొస్తుంటాయి. "అన్నా, మొఖం జూడకు, ఇంజన్ జూడు" అన్నాడొకాయన. అప్పటినుంచి నాదీ అదే పద్ధతి.

ఆ మాట అమెరికాలోనూ చెల్లుతుంది. జనరల్ మోటార్స్ 1981లో సుజుకీలో వాటా కొని, ఆ కంపెనీ కల్టస్‌ను షెవర్లే స్ప్రింట్‌గా అమ్మింది. 1989లో కొత్త తరం కల్టస్‌కు జియో మెట్రో అని పేరు పెట్టింది. మూడు సిలిండర్ల లీటరు ఇంజన్. పెట్రోల్ పొదుపులో దానికి మంచి పేరుండేది. 1998 మోడల్‌తో జియో పేరూ పోయి షెవర్లే మెట్రో అయింది. 2001 మోడల్‌తో అమెరికాలో దాని కథ ముగిసింది.

ఆ కల్టస్ మనకూ పాత చుట్టమే. దానికి డిక్కీ కట్టిన సెడాన్‌నే మారుతి 1990లో మారుతి 1000గా తెచ్చింది. 970 సీసీ ఇంజన్ ఆ ఒంటికి చాలలేదు. 1994లో 1.3 లీటర్ల ఇంజన్ వేసి ఎస్టీమ్ అన్నారు.

ఎవరు చేశారో బ్యాడ్జి దాచినా చాసిస్ నంబరు దాచదు. 17 అక్షరాల్లో మొదటి మూడూ తయారీదారు గుర్తు. జనరల్ మోటార్స్ కెనడాలో సుజుకీతో కలిసి పెట్టిన కామీ ఫ్యాక్టరీలో తయారైన మెట్రోలకు ఆ నంబరు 2తో మొదలవుతుంది. అమెరికాలో తయారైన కార్లకు 1, 4, 5, 7లలో ఒకటి ఉంటుంది. మన దేశపు కార్లకు 'ఎం' ఉంటుంది.

అలాగని బ్యాడ్జికి విలువే లేదనను. 2019లో టయోటా గ్లాంజా వచ్చినప్పుడు వారంటీ 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. దాని మూలమైన మారుతి బలేనోకు 2 ఏళ్లు లేదా 40 వేలే. బండి ఒకటే, వెనక నిలబడేవాళ్లు వేరు. మహీంద్రాతో కలిసి లోగాన్ అమ్మిన రెనో 2010లో తప్పుకుంటే, మహీంద్రా దాన్నే వెరిటో చేసి నడిపించింది. షెవర్లే మాత్రం 2017లో మన దేశంలో అమ్మకాలే ఆపేసింది.

కాబట్టి కొనేముందు బానెట్ ఎత్తండి, చాసిస్ నంబరు చదవండి. రేపు క్లచ్ ప్లేటు పోతే బాన్సువాడలోనో నిజామాబాద్‌లోనో దొరుకుతుందా అని అడగండి. ముందున్న బొమ్మ నచ్చిందా లేదా అన్నది ఆఖర్న చూసుకోవచ్చు.