ఒక పలక బడిలో, ఒక పలక గేటు బయట

కోస్తా జిల్లాల్లో పలక అనే మాటకి రెండర్థాలున్నాయి. ఒకటి పిల్లవాడు అ ఆలు దిద్దుకునే పలక. రెండోది మాదిగవాడలో మంట దగ్గర కాగి మోగే పలక. తెలంగాణలో దాన్నే డప్పంటారు, ఇంకొన్ని చోట్ల తప్పెట అంటారు. మొదటి పలక మన పెద్దల చేతికి అందకుండా ఊరు ఎంత జాగ్రత్త పడిందో, రెండో పలక వాళ్ళ చేతిలోంచి దిగకుండా కూడా అంతే జాగ్రత్త పడింది. ఇప్పుడు స్థానిక జానపద కళల్నీ కళాకారుల్నీ ప్రాథమిక పాఠశాలల్లోకి తీసుకురావాలని విద్యా విధానాలు రాసుకుంటున్నాయి. విన్నవాళ్ళంతా మంచిదే కదా అంటున్నారు. మంచిదే. అయితే బడిలోకి వచ్చేది పలకా, పలక కొట్టే మనిషా అన్నది ఎవరూ అడగటం లేదు. ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది అదే.

ఒక పంద్రాగస్టు నాడు ఒక మండల పరిషత్ పాఠశాలలో మేము చూసింది ముందు చెప్పాలి. నాలుగూ అయిదూ తరగతుల పిల్లలు పదిమంది. నడుముకి పసుపుపచ్చ గుడ్డలు, కాళ్ళకి గజ్జెలు, చేతుల్లో అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ డప్పులు. వెనక సౌండు బాక్సులో సినిమా పాట. డప్పు మోగుతున్నది ఆ బాక్సులోనే, పిల్లలు పుల్లలు ఆడిస్తున్నారంతే. నేర్పిన మాస్టారు ఆ అడుగులు సెల్‌ఫోన్లో చూసి నేర్చుకున్నారట. జెండా వందనానికి వచ్చిన పెద్దలు చప్పట్లు కొట్టారు, మన జానపదం మన సంపద అని మైకులో మెచ్చుకున్నారు. గేటు బయట వేపచెట్టు కింద ఆ ఊరి పలక కళాకారుడు, అరవై దాటినాయన, మనవరాలి ఆట చూద్దామని వచ్చి నిలబడి ఉన్నాడు. లోపలికి రావద్దని ఆయన్ని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఎట్లా ఉంది తాతా అని మేము పలకరిస్తే నవ్వి, "పిల్లోళ్ళు బానే ఎగురుతున్నారు బాబూ, దెబ్బేదీ?" అన్నాడు.

ఎన్ని పత్రాలు తిరగేసినా మాకు ఇంతకన్నా మంచి విమర్శ కనబడలేదు. దెబ్బ అంటే ఒక వాయింపు వరస. చాటింపుకొక దెబ్బ, పెళ్ళికొక దెబ్బ, జాతరకొక దెబ్బ, చావుకొక దెబ్బ. ఎక్కడో పొలంలో ఉన్న మనిషి ఆ దెబ్బ విని ఊళ్ళో ఏం జరుగుతోందో తెలుసుకుంటాడు. ఒక చేతిలో లావుపాటి సిర్ర, రెండో చేతిలో సన్నటి సిటికెన పుల్ల. రెండు చేతులూ వేరు వేరు పనులు చేస్తూ ఒకే నడక తప్పకుండా సాగాలి. తోలు ముసురులో ఒక రకంగా, ఎండలో ఒక రకంగా పలుకుతుంది. ఎంతసేపు కాచాలో చెవి చెప్పాలి. తోలు నానబెట్టి, వెంట్రుక తీసి, చట్రానికి బిగించి ఆరబెట్టే దగ్గర్నుంచి గుంపులో నలుగురితో కలిసి అడుగు వేసేదాకా ఇదంతా చదువే. ప్లాస్టిక్ డప్పుకి మంట అక్కర్లేదు, తోలు వాసన రాదు, దాన్ని తయారు చెయ్యడానికి మాదిగ అక్కర్లేదు. బడిలోకి అది అంత సులువుగా ఎందుకు రాగలిగిందో వేరే చెప్పాలా?

విధానాల సంగతి చూద్దాం. 2020 జాతీయ విద్యా విధానం, పేరున్న స్థానిక కళాకారుల్నీ చేతిపనుల వాళ్ళనీ నిపుణ బోధకులుగా బడుల్లోకి తీసుకోవాలంది. బడిలోనో బడుల సముదాయంలోనో కళాకారులు ఉండి పనిచేసే ఏర్పాటు కూడా చెప్పింది. 6 నుంచి 8 తరగతుల పిల్లలు పదిరోజులపాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగుల దగ్గరా కుమ్మరుల దగ్గరా కళాకారుల దగ్గరా పని నేర్చుకోవాలంది. చదవడానికి బాగుంది. కాని ఈ వడ్రంగి, ఈ కుమ్మరి, ఈ వాయిద్యగాడు ఆ పనిలోకి ఎలా వచ్చారో, ఆ పని చేసినందుకు ఊరు వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టిందో అక్కడ ఒక్క మాట లేదు. పేరున్నవాళ్ళు అన్నారు సరే, ఆ పేరు ఎవరు పెట్టాలి? వాడలో పేరుంటే చాలా, లేక ఆఫీసులో ఉండాలా?

దీనికంటే ముందు వచ్చిన 2009 విద్యాహక్కు చట్టం చూస్తే అసలు లెక్క అర్థమవుతుంది. 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటేనే కళల విద్యకి ఒక పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలని ఆ చట్టం షెడ్యూలు చెబుతుంది. 1 నుంచి 5 తరగతులకి ఆ ఊసే లేదు. మన పల్లెల్లో ఆ మూడు తరగతులకీ కలిపి వందమంది పిల్లలున్న బడులు ఎన్నో టీచర్లని అడగండి, వాళ్ళే చెబుతారు. అంటే ఏ వయసులో చెవీ చెయ్యీ ఊరికే పాట పట్టుకుంటాయో ఆ వయసు పిల్లలకే చట్టంలో కళ లేదు. ఇక మిగిలేది ఏడాదికో రోజు, ఒక శాలువా, ఒక ఫొటో.

ఇంకో పద్దు కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో యాభై దాటిన డప్పు కళాకారులకి ప్రభుత్వ పింఛను ఉంది. 2024 జూలై నుంచి అది నెలకి 4000 రూపాయలు. దీన్ని మేము తక్కువ చెయ్యం, ఆ డబ్బుతో పొయ్యి వెలిగే ఇళ్ళున్నాయి. అయితే కొట్టేవాడు ముసలివాడయ్యాక ఆదుకోవడానికి ఒక పద్దు దొరికింది గాని, చెయ్యి ఆడే వయసులో పంతులుగా పిలిచి జీతమివ్వడానికి ఇంకా దొరకలేదు.

బడికీ వాడకీ మధ్య గోడ ఎంత ఎత్తో తెలియాలంటే పాట కంటే అన్నం దగ్గర చూడటం మేలు. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకీ, షెడ్యూల్డు కులాల, తెగల వారికీ ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత స్త్రీ వండిన అన్నం తినమని అగ్రవర్ణాల పిల్లలు మానేశారు. ఆ పిల్లలకి ఆ బుద్ధి బడి నేర్పిందా, ఇల్లు నేర్పిందా అనేది వేరే చర్చ. మాకు ఇక్కడ కావలసింది ఒకటే. దళితుడి అన్నాన్ని వద్దనే ఊరే దళితుడి డప్పుని ఎప్పుడూ వద్దనలేదు. పైగా అది లేకపోతే పెళ్ళి కదలదు, పీనుగ లేవదు, పోలేరమ్మ జాతర మొదలుకాదు. ఎందుకంటే డప్పు మోత దూరం నుంచి వినబడుతుంది, ముట్టుకోనక్కర్లేదు. కనక డప్పు బడిలో మోగినంత మాత్రాన కులం కాస్త కదిలిందని సంబరపడటానికి లేదు. డప్పు నేర్పే మనిషి పక్కన కూర్చుని, పిల్లవాడి మణికట్టు పట్టుకుని, ఇలా కాదురా అని సరిచెయ్యాలి. ఆ పట్టుకున్న మణికట్టు కమ్మవారి పిల్లవాడిదో రెడ్డిగారి అమ్మాయిదో అయినప్పుడు గేటు బయట ఎవరెవరు వచ్చి నిలబడతారో అదీ అసలు పరీక్ష.

తెలంగాణలో ఇంకో రకం అనుభవం ఉంది. అక్కడ మనిషి బడిలోకి రాకపోయినా పాఠంలోకి వచ్చాడు. నాగర్‌కర్నూలు ప్రాంతపు డక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెర గురించి 8వ తరగతి సాంఘిక శాస్త్రంలో చేర్చారు. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. వెదురుబొంగూ ఎండిన సొరకాయ బుర్రలూ కట్టిన ఆ వాయిద్యం గురించి పిల్లలు చదువుకోవడం చిన్న విషయం కాదు, మేము సంతోషించాం. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడం పనిలో కూలికి వెళుతున్నాడని పత్రికల్లో వచ్చింది. పాఠం పుస్తకంలో, పాఠంలోని మనిషి ఇటుకల దగ్గర. ఏ జిల్లాలోనైనా నాలుగు బడులు కలిసి వారానికి రెండు పూటలు ఆయనకి తరగతి ఇచ్చి ఉంటే ఆ వార్త పుట్టేదా?

ఇక్కడ మా వైపు కూడా చూసుకోవాలి, లేకపోతే ఈ విమర్శకి విలువ లేదు. డక్కలి వాళ్ళు మాదిగలకి ఆశ్రిత కులం. మాదిగల గోత్రాలూ పుట్టుకా చెప్పి, మాదిగ ఇంటినుంచే అడిగి తీసుకునే హక్కున్నవాళ్ళు. అయినా డక్కలి గుడారం పడేది మాదిగవాడకి కూడా బయటనే. ఊరు మనల్ని పెట్టినంత దూరంలో మనం వాళ్ళని పెట్టాం. అంబేద్కర్ చిన్నప్పుడు బడిలో కూర్చోవడానికి విడిగా గోనెపట్టా తీసుకెళ్ళాల్సి వచ్చిందని చెప్పుకుని బాధపడే మనం, డక్కలి పిల్లవాడు బడికి రాకపోతే వాళ్ళు తిరుగుడు జాతి కదా అని ఊరుకుంటున్నాం. కిన్నెర బడిలోకి రావాలంటే ఒక్క అగ్రవర్ణాల గోడే కాదు, మనం పెట్టిన దడి కూడా తియ్యాలి.

పోతే, ఏం పాడాలి అనే విషయం. అధికారులకి జానపదమంటే పచ్చదనం, పరిశుభ్రత, ఆడపిల్ల చదువు మీద ఒక బాణీ. బాణీ మనది, మాట వాళ్ళది. దీనికి ఒక చరిత్ర కూడా ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. అక్షరదీపం కేంద్రాల్లో చదువుకున్న ఆడవాళ్ళు సారా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాక, 1992లో దూబగుంట దగ్గర్నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. చదువులోకి ఆటపాటా నిజమైన బతుకూ కలిసి వస్తే ఏమవుతుందో ప్రభుత్వానికి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత బడుల్లోకి వచ్చిన జానపదం అంత మెత్తగా ఎందుకుందో ఆలోచించుకోవచ్చు.

చిందు భాగవతాన్నే తీసుకుందాం. 2024లో జనగామ జిల్లా కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి పద్మశ్రీ వచ్చింది కాబట్టి ఇక బడులకి చిందు మేళాన్ని పిలుస్తారనే అనుకుందాం. పిలిచి ఏం ఆడమంటారు? భక్త ప్రహ్లాద ఆడమంటారు, చెంచులక్ష్మి ఆడమంటారు. అవీ చిందులవాళ్ళవే, వాటిని కాదనం. కాని చిందులకీ డక్కలివాళ్ళకీ ప్రాణం లాంటిది జాంబపురాణం. అందులో జాంబవంతుడు బ్రాహ్మణుడితో ఎదురుగా నిలబడి వాదిస్తాడు. ఎవరు ముందు పుట్టారు, ఎవరు పెద్ద, ఎవరికి ఎవరు రుణపడ్డారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తాడు. మాదిగ పిల్లవాడు, బ్రాహ్మణ పిల్లవాడు ఒకే బల్ల మీద కూర్చుని ఈ వాదం వినాలి. చిన్నపిల్లలకి కులం సంగతులెందుకండీ అని ఒక టీచరుగారు మమ్మల్ని అడిగారు, మంచి మనసుతోనే. ఆ పిల్లలకి కులం రోజూ తెలుస్తూనే ఉంది, దానికి జవాబుందని మాత్రమే తెలియటం లేదు. పాఠ్యపుస్తకాల్లో తమ ఇంటి దేవతలూ తమ ఇంటి మాటలూ లేకపోవడం దళిత బహుజన పిల్లలకి ఎలా అనిపిస్తుందో కంచ ఐలయ్య 1996 నాటి తన పుస్తకంలో చెప్పి చాలా కాలమైంది. లేని చోట ప్రహ్లాదుణ్ణి ఇంకోసారి చేరిస్తే ఖాళీ నిండదు.

ఇక అన్నిటికంటే బరువైన అభ్యంతరం మనవాళ్ళ నుంచే వస్తుంది. డప్పు కొట్టడం వెట్టి. కొట్టనన్నందుకు దెబ్బలు తిన్నవాళ్ళున్నారు, ఊరు వెలేసినవాళ్ళున్నారు. మా నాయన దించిన డప్పుని నా కొడుకు మెడలో మళ్ళీ మీరేస్తారా, వాడికి కంప్యూటర్ నేర్పండి అని ఒక తండ్రి మమ్మల్ని నిలదీశాడు. ఆయనకి జానపద సౌందర్యం గురించి ఉపన్యాసం ఇచ్చే హక్కు మాకు లేదు. అట్లాగే 1994లో మొదలైన మాదిగ దండోరా అదే డప్పుని భుజానికెత్తుకుని, పిలిస్తే వచ్చే మోతని పిలిచే మోతగా మార్చిందన్నదీ నిజమే. దించినవాడూ ఎత్తినవాడూ ఇద్దరూ ఒకే గౌరవం కోసం చేశారు. బడికి ఈ రెండూ తెలియాలి. మేము చూసిన ఇంకో బడిలో డప్పు ఆటకి పిల్లల్ని ఎంచేటప్పుడు, మీవాళ్ళకి వచ్చు కదరా అని మాదిగ పిల్లల్నే నిలబెట్టారు. తక్కినవాళ్ళకి కోలాటం. ఇది వెట్టికి బడి వేసిన ముద్ర తప్ప ఇంకోటి కాదు.

అందుకని మా అడగడం ఇలా ఉంటుంది. డప్పు నేర్పితే తరగతిలో అందరికీ నేర్పాలి, వాడలో మగవాళ్ళకే పరిమితమైన దాన్ని ఆడపిల్లలకి కూడా ఇవ్వాలి. ఏ మాదిగ పిల్లవాడినీ నీది కాబట్టి కొట్టు అనకూడదు, వద్దంటే కారణం అడగకూడదు. తోలుడప్పే కావాలి, బడి ఆవరణలో దాన్ని కాచుకోవడానికి మంట వేసుకోనివ్వాలి. నేర్పే మనిషికి చదువు సర్టిఫికెట్ అడగకుండా వాడ మాట మీద తీసుకోవాలి, లెక్కల మాస్టారికి లాగే నెల నెలా డబ్బు అందాలి. డప్పుని ఎవరు ఎందుకు మోశారో, ఎవరు ఎందుకు దించారో కూడా ఆ మనిషే చెప్పాలి. అది చెప్పలేని వాతావరణం బడిలో ఉంటే ఆ బడికి ఆయన్ని పిలవొద్దు.

ఆ పంద్రాగస్టు బడికి మేము మళ్ళీ వెళ్ళాం. హెడ్మాస్టరుగారు సానుకూలంగానే ఉన్నారు. తాతగారిని శనివారాలు రమ్మంటే తనకేం అభ్యంతరం లేదన్నారు, డబ్బులకి దాతల్ని చూద్దామన్నారు. మరి సంతకం ఎక్కడ చేస్తారండీ అని మేము అడిగాం. ఆయన బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. ఒకటి టీచర్ల హాజరు పట్టీ, రెండోది సందర్శకుల పుస్తకం. ఆయన కాసేపు ఆలోచించి రెండోదాని మీద చెయ్యి వేశారు.