హెడ్‌సెట్ తీశాకే పాఠం

2021 జూన్ 30న గూగుల్ సంస్థ ఎక్స్‌పెడిషన్స్ యాప్‌ను ఆపేసింది. తరగతి గదిలో వర్చువల్ రియాలిటీ అనగానే చాలా దేశాల టీచర్లకు అప్పట్లో మొదట గుర్తొచ్చిన పేరు అది. ఒక అట్టపెట్టెలో ఫోన్ పెట్టి కళ్లకు ఆనించుకుంటే చాలు, పిల్లలు సముద్రం అడుగున పగడాల మధ్యకో, మాచు పిచ్చు శిథిలాల్లోకో వెళ్లిపోయేవారు. కార్డ్‌బోర్డ్ అనే ఆ అట్టపెట్టెను 2014లో తెచ్చిందీ గూగులే, 2021 మార్చిలో అమ్మకం ఆపేసిందీ గూగులే. ఆ మధ్య ఏళ్లలో ఎందరో టీచర్లు ఆ యాప్ మీద శిక్షణ తీసుకున్నారు. ఏది ఎక్కడ నొక్కాలో మాత్రమే నేర్చుకున్నవాళ్లకు, యాప్ పోయాక ఆ శిక్షణలో మిగిలింది ఏమీ లేదు.

అయితే ఆ యాప్‌లో నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు ఒకటుండేది. దాంట్లో టీచర్ ‘గైడ్’, పిల్లలు ‘ఎక్స్‌ప్లోరర్లు’. టీచర్ తన ట్యాబ్ మీద ఒకచోట వేలు పెడితే, అటు చూడమంటూ పిల్లల కళ్లముందు బాణం గుర్తు కనిపించేది. ఎవరు ఎటు చూస్తున్నారో టీచర్ తెర మీద చిన్న చిన్న నవ్వుముఖాల రూపంలో తెలిసేది. దృశ్యంతో పాటు పిల్లల్ని అడగాల్సిన ప్రశ్నలు కూడా, తేలికవీ కష్టమైనవీ విడివిడిగా ఉండేవి. పిల్లల్ని ఒక చోటికి తీసుకెళ్లి వదిలేస్తే వాళ్లు చూడరని, పక్కన ఉండి చూపించేవాళ్లు కావాలని ఆ యాప్ తయారుచేసినవాళ్లకు తెలుసు. తర్వాత ఆ దృశ్యాల్లో చాలావాటిని ఆర్ట్స్ అండ్ కల్చర్ యాప్‌లోకి మార్చారు. గైడ్ మాత్రం వాటి వెంట రాలేదు.

టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఈ కథ నన్ను వదలదు. టీచర్లు ఏడాదికి కనీసం 50 గంటలు తమ వృత్తిలో కొత్త సంగతులు నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ గంటల్లో ఇప్పుడు ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్), వర్చువల్ రియాలిటీ (వీఆర్) కూడా చేరుతున్నాయి. మంచిదే. కానీ ఆ ట్రైనింగ్ ఎలా జరుగుతోంది? హాలు నిండా టీచర్లు, ముందు ప్రొజెక్టర్, ఒకటో రెండో హెడ్‌సెట్లు. ఒకరి తర్వాత ఒకరు నిమిషం సేపు పెట్టుకుని, “అబ్బ, భలే ఉందండీ” అంటూ పక్కవారికి అందిస్తారు. అక్కడికి ట్రైనింగ్ అయిపోతుంది. నా దృష్టిలో అది ప్రదర్శన మాత్రమే. మర్నాడు ఎనిమిదో తరగతిలో మూడో పీరియడ్‌కు ఆ వస్తువుతో ఏం చేయాలో ఆ టీచర్‌కు ఎవరూ చెప్పలేదు.

ఏం చేయాలన్న దానికి పరిశోధనలో స్పష్టమైన ఆధారమే ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా క్యాంపస్‌కు చెందిన జోసెలిన్ పారాంగ్, రిచర్డ్ మేయర్ 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. మన రక్తంలో, కణాల్లో ఏం జరుగుతుందనే జీవశాస్త్ర పాఠాన్ని కొందరు విద్యార్థులు హెడ్‌సెట్‌లో చూశారు. అదే పాఠాన్ని ఇంకొందరు మామూలు స్లైడ్లలో చదివారు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకు ఆసక్తి, ఆనందం ఎక్కువ. పరీక్ష పెడితే మార్కులు ఎక్కువ వచ్చింది స్లైడ్లు చదివినవాళ్లకు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది వాళ్లు చేసిన రెండో ప్రయోగం. ఈసారి వీఆర్ పాఠాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క అయ్యాక ఆపి, చూసింది సొంత మాటల్లో రాయమన్నారు. అలా రాసినవాళ్లు, ఆపకుండా చూసినవాళ్ల కన్నా బాగా నేర్చుకున్నారు. మరుసటి ఏడాది గయిడో మక్రాన్‌స్కీ బృందం ఇంకో సంగతి చూపించింది: వీఆర్‌లోకి పంపే ముందే భాగాల పేర్లు, అవి చేసే పనులు చెబితే నేర్చుకునేవాళ్లకు పాఠం బాగా ఒంటబడుతుంది. అంటే టీచర్ పని హెడ్‌సెట్ పెట్టకముందు కొంత, తీశాక ఇంకొంత ఉంటుంది. మధ్యలో చూసేది అయిదారు నిమిషాలైతే సరిపోతుంది.

ఆ అయిదారు నిమిషాల్లో కూడా నేర్చుకోవాల్సిన నేర్పు ఉంది. ఒక శిక్షణలో సోషల్ చెప్పే మేడమ్ ఒకరు తోటి టీచర్లనే పిల్లలుగా కూర్చోబెట్టి, నదీ లోయల పాఠం చెప్పడం మొదలుపెట్టారు. అందరూ హెడ్‌సెట్లలో ఉన్నారు. ఆవిడ అలవాటుగా “ఇప్పుడు ఎడమవైపు చూడండి” అన్నారు. తలలన్నీ తలో దిక్కుకు తిరిగాయి. వెనక కుర్చీలోంచి ఒక మాస్టారు, “ఎవరి ఎడమవైపు మేడమ్?” అని అడిగారు. నిజమే, బోర్డు ముందు అందరికీ ఎడమ ఒక్కటే. చుట్టూ తిరిగి చూడగలిగే దృశ్యంలో ఒక్కొక్కరి ఎడమ ఒక్కో చోట ఉంటుంది. ఆవిడ ఒక్క క్షణం ఆగారు. “నది కనిపిస్తోందా? నీళ్లు వస్తున్న వైపు చూపు పోనివ్వండి. అవతలి గట్టున ఏముంది?” అన్నారు. చెదిరిన తలలన్నీ నెమ్మదిగా ఒకే వైపుకు వచ్చాయి. దృశ్యంలో ఉన్న దాన్నే గుర్తుగా పెట్టుకుని దారి చెప్పాలన్నది ఏ యూజర్ మాన్యువల్‌లోనూ నాకు కనబడలేదు. ఒక టీచర్ పాఠం చెబుతుంటే మిగతా టీచర్లు కూర్చుని చూసినందువల్ల అది బయటపడింది.

ఆగ్మెంటెడ్ రియాలిటీది వేరే సంగతి. ఫోన్ కెమెరాను బల్ల వైపు తిప్పితే బల్ల మీద గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది. పిల్లలు చుట్టూ మూగుతారు, ఒకరి ముఖం ఒకరికి కనిపిస్తుంది, మాట్లాడుకుంటారు. మన బడులకు మొదటి అడుగుగా నేను దీన్నే సూచిస్తాను. కానీ ఇక్కడా ఒక చిక్కుంది. రెండు వేళ్లతో లాగితే ఆ గుండె బల్లంత అవుతుంది. చూసిన పిల్లవాడి మనసులో గుండె అంతే పెద్దదిగా ఉండిపోతే? అందుకే ఫోన్ పక్కన పెట్టించి పిడికిలి బిగించమని చెప్పాలి. “మీ గుండె ఇంచుమించు మీ పిడికిలంత. ఇప్పుడు చేయి ఛాతీ మీద పెట్టి ఎక్కడ కొట్టుకుంటోందో చూడండి. రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతుందో నోటుబుక్కులో బొమ్మ వేయండి.” ఇంత చేస్తే ఆ తెర మీది గుండెకు ఒక అర్థం వస్తుంది. బొమ్మ వేసేటప్పుడు కవాటాలు మర్చిపోయిన పిల్ల మళ్లీ ఫోన్ దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. ఆ రెండోసారి చూసే చూపులో చదువుంటుంది.

ఏ పాఠానికి ఇది వాడాలి, దేనికి వాడక్కర్లేదు అన్నది శిక్షణలో గట్టిగా చెప్పాల్సిన విషయం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వర్చువల్ రియాలిటీ ప్రయోగశాల నడిపే జెరెమీ బెయిలెన్‌సన్ దీనికో మంచి గీటురాయి ఇచ్చారు. నిజంగా చేస్తే ప్రమాదమైనది, అసలు చేయలేనిది, చేస్తే చెడు జరిగేది, మోయలేనంత ఖర్చయ్యేది అయితే వీఆర్ వాడండి అంటారాయన. అగ్నిపర్వతం అంచు, గుండె లోపలి గదులు, శని గ్రహ వలయాలు ఈ లెక్కలోకి వస్తాయి. కిరణజన్య సంయోగక్రియ చెప్పడానికి ఆకును హెడ్‌సెట్‌లో చూపించడం నాకు ససేమిరా నచ్చదు. బడి గోడ పక్కన వేపచెట్టు ఉంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి.

కొత్త యంత్రంతో టీచర్లను తయారుచేయడం మనకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టులో నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా సైట్ అనే టీవీ బోధనా ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఏడాది పాటు టీవీ కార్యక్రమాలు వచ్చాయి. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. ఆ ప్రయోగంలో భాగంగానే వేలమంది ప్రాథమిక పాఠశాల టీచర్లకు సైన్స్ బోధనలో శిక్షణ ఇచ్చారు. టీవీ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. రేడియో పాఠాలు, అచ్చు పుస్తకాలు, చేత్తో చేసే ప్రయోగాలు, పక్కనుండి సందేహాలు తీర్చే మనిషి, అన్నీ కలిపి నడిపారు. అప్పట్లోనే ఇంత ఆలోచన చేసిన దేశం మనది. ఇప్పుడు హెడ్‌సెట్ ఒక్కటీ ఇచ్చి ఊరుకోవడం న్యాయం కాదు.

చిన్నవిగా కనిపించే పనులు కూడా టీచర్లకు ముందే తెలియాలి. తక్కువ ధర ఫోన్లలో కొన్నింటికి గైరోస్కోప్ ఉండదు. అలాంటి ఫోన్‌ను అట్టపెట్టెలో పెడితే తల ఎంత తిప్పినా దృశ్యం సరిగా కదలదు. తప్పు ఎక్కడుందో తెలియక టీచర్ తనకే చేతకాలేదనుకుంటారు. పిల్లల్ని నిలబెట్టకూడదు, కుర్చీల్లో కూర్చోబెట్టాలి. కళ్లు కదులుతున్నామని చెబుతుంటే లోపలి చెవి లేదని చెబుతుంది కాబట్టి కొందరికి తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. అలాంటి పిల్లలకు వెంటనే తీసేసి, సిగ్గుపడేలా చేయకుండా వేరే పని ఇవ్వాలి. జడలో పూలు పెట్టుకున్న ఆడపిల్లకు పట్టీ ఎలా బిగించాలో, ఒకరి చెమట ఇంకొకరికి అంటకుండా ఎలా తుడవాలో చేసి చూపించాలి. చిన్నపిల్లల జోలికి అసలు వెళ్లొద్దు. మెటా కంపెనీ తన క్వెస్ట్ హెడ్‌సెట్లకు పెట్టుకున్న వయసు పరిమితి 2023లో 13 నుంచి 10కి తగ్గింది. అంతకన్నా చిన్నవాళ్లకు కంపెనీయే వద్దంటోంది. ప్రాథమిక తరగతులకు బల్ల మీద ఫోన్, దాని చుట్టూ పిల్లలు చాలు.

శిక్షణలు నడిపే అధికారులకు నా విన్నపం ఒక్కటే. హాల్లో వందమందికి నిమిషం చొప్పున చూపించడం మానేయండి. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక్క టీచర్‌కు ఒక పూర్తి పీరియడ్ ఇవ్వండి. తన సబ్జెక్టులో, తన పిల్లల పాఠ్యపుస్తకంలోని ఒక పాఠాన్ని ముందు మాట, చూపు, తర్వాతి రాత మూడూ కలిపి చెప్పమనండి. మిగతావాళ్లు పిల్లలుగా కూర్చుని, పాఠం అయ్యాక ఎక్కడ అర్థం కాలేదో దాపరికం లేకుండా చెప్పాలి. ఆ టీచర్ అదే పాఠాన్ని తన తరగతిలో చెప్పి, నెల తర్వాతి సమావేశానికి పిల్లలు వేసిన బొమ్మలు, రాసిన కాగితాలు పట్టుకురావాలి. హెడ్‌సెట్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడక్కర్లేదు. టీచర్లలో ఎవరి ఫోన్‌లోనైనా ఏఆర్ పనిచేస్తే చాలు, దానితోనే మొదలుపెట్టండి.