భిలాయి మైదానంలో ఎదిగిన దొంగ

నటులకు శిక్షణ అనగానే వాచికం, ఆంగికం తరగతులు గుర్తొస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లో నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ నడిపిన శిబిరాల సంగతి వేరు. అక్కడ ముందుగా పద్ధతి మార్చుకున్నది నేర్పేవాడే.

అక్కడి పల్లెల్లో 'నాచా' అనే జానపద నాటకం రాత్రంతా సాగుతుంది. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. పాటల నడుమ 'గమ్మత్' అనే హాస్య ఘట్టాలు వస్తాయి. వాటికి రాతప్రతి ఉండదు. కథ అందరికీ తెలుసు, మాట మాత్రం అప్పటికప్పుడు పుట్టాలి. జనం ఏ వైపు నవ్వితే నటుడు ఆ వైపుకు తిరుగుతాడు.

రాయ్‌పూర్‌లో పుట్టి, లండన్‌లో నాటకం చదివొచ్చిన తన్వీర్ 1958లో 'మిట్టీ కీ గాడీ' నాటకం కోసం ఆరుగురు ఛత్తీస్‌గఢీ కళాకారులను ఢిల్లీ తీసుకెళ్లారు. ఊళ్లో జనాన్ని ఉర్రూతలూగించేవాళ్లు ఆయన నాటకాల్లో బిగుసుకుపోయేవారు. ఎందుకో ఆయనకు బోధపడేసరికి ఏళ్లు గడిచాయి. తమది కాని హిందీ మాట్లాడించడం ఒక అడ్డు. ఏ మాటకు ఎటు నడవాలో ముందే నిర్ణయించడం ఇంకో అడ్డు. 1970ల మొదట్లో రెండింటినీ వదిలేశారు. చదువుకున్న దర్శకుడు తన చదువును అలా పక్కన పెట్టగలగడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది.

1973లో రాయ్‌పూర్ శిబిరంలో మూడు పాత గమ్మత్‌లను కలిపి ఒక నాటకం కట్టారు. నటులు తమ ఛత్తీస్‌గఢీలో ఆశువుగా ఆడేవారు. ఆయన చూసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చేవారు. మరుసటి ఏడు భిలాయి శిబిరంలోనూ అదే పద్ధతి. విజయదాన్ దేథా రాసిన రాజస్థానీ కథను నటుల ముందు పెట్టారు: అబద్ధమాడనని గురువుకు మాటిచ్చి, ఆ మాట కోసం ప్రాణమిచ్చే దొంగ కథ. దాని తొలి రూపాన్ని భిలాయి మైదానంలో సత్నామీల సభలో ఆడారు. సత్యమే దైవమని నమ్మేవాళ్లు వాళ్లు, అంతకన్నా గట్టి పరీక్షకులు ఎక్కడ దొరుకుతారు? వాళ్ల పంథీ పాటలూ నాటకంలో చేరాయి. అదే 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్'. 1982లో ఎడిన్‌బరోలో బహుమతి గెలిచింది.

భిలాయి దగ్గర గనియారిలో పుట్టిన తీజన్ బాయిని పెద్ద వేదికలకు పరిచయం చేసిందీ తన్వీరే. ఆమెది పాండవుల కథను పాడి వినిపించే పండవాని. అందులో కూర్చుని పాడేది వేదమతి, నిలబడి అభినయిస్తూ పాడేది కాపాలిక. ఆడవాళ్లు కూర్చునే పాడాలన్న కట్టుబాటును దాటి ఆమె లేచి నిలబడింది. చేతిలోని తంబూర ఒక క్షణం భీముడి గద, మరుక్షణం అర్జునుడి విల్లు. బుర్రకథలో వంతల్లాగా పక్కన 'రాగీ' ఊకొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథను ముందుకు నెడతాడు.

ఆమెకు భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగమిచ్చింది. కళాకారుల ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు ఇలాంటి నెలవారీ జీతాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మన బుర్రకథ దళాలకు శిబిరాలు పెట్టే సంస్థలు వారం రోజుల భత్యంతో సరిపెట్టకుండా, ఇలాంటి ఉద్యోగాలు ఇప్పించే ప్రయత్నం కూడా చేయాలని నా కోరిక.