గోడ వెనుక గది: క్విన్లన్ టెరీ కట్టడాలు

లండన్ శివారు రిచ్‌మండ్‌లో థేమ్స్ ఒడ్డున నిలబడి చూస్తే, రెండు మూడు శతాబ్దాల పాటు ఒక్కొక్కటిగా లేచిన ఇళ్ళ వరుస ఒకటి కనిపిస్తుంది. అందులో నిజంగా పాతవి కొన్నే. తక్కినవి 1980లలో ఒకే పథకం కింద క్విన్లన్ టెరీ గీసినవి. స్తంభాలు, కిటికీల నిష్పత్తులు అన్నీ శాస్త్రోక్తం. లోపల మాత్రం ఫాల్స్ సీలింగులు, ఏసీ గొట్టాలు, అడ్డుగోడలు లేని ఆఫీసు అంతస్తులు. మెడికల్ కాలేజీలో మాకు చర్మం మీద చెయ్యి పెట్టి కింద ఏ అవయవం ఉందో చెప్పడం నేర్పారు. ఇక్కడ ఆ విద్య పనిచెయ్యదు.

1937లో పుట్టిన టెరీ, 1962లో రేమండ్ ఎరిత్ దగ్గర చేరారు. ఆధునికవాదం రాజ్యమేలుతున్న ఆ రోజుల్లో అది సాహసమే. 1973లో ఎరిత్ మరణించాక ఆ కార్యాలయాన్ని తానే నడిపారు. ఆయన వాదనలో అందం కన్నా ఆయుర్దాయానిదే పెద్ద పాత్ర: సున్నంతో కట్టిన మందపాటి గోడ ఎండకూ చలికీ సర్దుకుని శతాబ్దాలు నిలుస్తుంది, ఉక్కు, కాంక్రీటు, గాజు అలా నిలవవు. పాత గచ్చు మేడలు చూసినవాళ్ళకు ఇది విడ్డూరంగా తోచదు.

రిచ్‌మండ్‌ను చాలామంది విమర్శకులు అనుకరణ అని కొట్టిపారేశారు. నా అభ్యంతరం అది కాదు. అనుకరణే దోషమైతే ఈనాడు కందం రాసే ప్రతివాడూ దోషే. యతి కోసం అర్థంలేని మాట ఇరికించినప్పుడే అది వ్యర్థపదం. లోపలి గదితో సంబంధంలేని కిటికీ అలాంటిదే.

ఎసెక్స్‌లోని బ్రెంట్‌వుడ్ కెథీడ్రల్ (1991) సంగతి వేరు. 1861 నాటి గోథిక్ చర్చిలో కొంత భాగాన్ని అలాగే ఉంచి, దాని పక్కనే కొత్త కట్టడాన్ని ఆనించారు. అతుకు దాచలేదు. బయటి అర్ధవృత్తాకార ముఖమండపం సెయింట్ పాల్స్‌ను తలపిస్తుంది. లోపల చుట్టూ కమానులు, నడుమ బలిపీఠం. భక్తులు దాని చుట్టూ చేరాలన్నది రెండవ వాటికన్ మహాసభ తరవాత బలపడిన ఆలోచన, అంటే అచ్చంగా ఇరవయ్యో శతాబ్దపు అవసరం. పాత వ్యాకరణం దాన్ని తడబడకుండా పలికింది. రిచ్‌మండ్‌లో దొరకని జవాబు నాకు ఇక్కడ దొరికింది.

టెరీని మెచ్చేవారూ తిట్టేవారూ ముందుగా చూపేది మాత్రం రిచ్‌మండ్‌నే. లండన్‌లో ఎలిజబెత్ లైన్ రైలెక్కితే నేరుగా బ్రెంట్‌వుడ్‌లో దిగవచ్చు.