పెరటి తోటకు ఇంటి కషాయం

పేనుబంకకు గుడ్లు పెట్టి పొదిగే పని లేదు. మన వెచ్చటి వాతావరణంలో ఆడపురుగు మగదాని జత లేకుండానే నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్ల వారం పది రోజుల్లో తానూ తల్లవుతుంది. సోమవారం చిక్కుడు చిగురు మీద నాలుగు పురుగులు చూసి ‘ఆదివారం చూద్దాంలే’ అనుకుంటే, ఆదివారానికి కొసలన్నీ నల్లగా బంక పట్టి ఉంటాయి.

ఇంటి మందుల విలువ ఇక్కడే తెలుస్తుంది. వేప, కుంకుడు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, మజ్జిగ, బూడిద చేతికందే దూరంలోనే ఉంటాయి కాబట్టి పురుగు కనిపించిన సాయంత్రమే పని మొదలుపెట్టవచ్చు. కాకపోతే ఏ పురుగుకు ఏది పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో తెలిసి వాడాలి. అన్నీ కలిపి కాచి అన్నింటి మీదా చల్లితే శ్రమే మిగులుతుంది.

ముందుగా పురుగు తినే తీరు గమనించాలి. పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి సూదిలాంటి నోటితో రసం పీలుస్తాయి. ఆకు ముడుచుకుంటుంది, పాలిపోతుంది, మీద జిగురు పేరుకుంటుంది. గొంగళి పురుగులు, పెంకు పురుగులు ఆకును కొరికి తింటాయి. చిల్లులు, కింద రాలిన రెట్టలు వాటి ఆనవాళ్లు.

రసం పీల్చే మెత్తటి పురుగుల మీద సబ్బునీళ్లు బాగా పనిచేస్తాయి. లీటరు నీటిలో ఐదు గ్రాముల మామూలు సబ్బు కరిగించి చల్లితే, పురుగు ఒంటిమీది మైనపు పొర చెదిరి, అది గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోతాయి. నీళ్లు పురుగుకు తగిలితేనే ఫలితం; ఎండిపోయాక సబ్బుకు చంపే శక్తి ఉండదు. అందుకే ఆకు అడుగుభాగం తడవాలి. గాఢమైన డిటర్జెంట్ పొడులు ఆకుల్ని మాడుస్తాయి కాబట్టి వాడకూడదు. పిండినల్లికి తెల్లటి మైనపు పూత రక్షణగా ఉంటుంది కనుక చల్లి ఊరుకుంటే సరిపోదు. సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో కాడల్ని తుడవాలి. చీమలు బారుకట్టి తీగ ఎక్కుతుంటే పైన పేనుబంకో పిండినల్లో ఉందని అనుమానించాలి. అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వాటిని కాపాడుతూ, తినడానికి వచ్చే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. పందిరి గుంజకు గ్రీజు పూసి చీమల దారి మూస్తే సగం పని అక్షింతల పురుగులే చేసిపెడతాయి.

కొరికి తినే పురుగుల విషయంలో పెద్ద దిక్కు వేపే. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చదనమంతా మేసేసి వేపచెట్లను మాత్రం వదిలేయడం జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిష్ ష్మూటరర్ కంట పడింది. 1960ల తొలినాళ్లలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్ బృందం వేపగింజల ద్రావణం చల్లిన పైరును మిడతలు ముట్టుకోవని చూపింది. 1968లో శాస్త్రవేత్తలు వేపగింజ నుంచి అజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. ఈ పదార్థం పురుగుకు తిండి మీద విముఖత కలిగిస్తుంది, కుబుసం విడిచే క్రమాన్ని దెబ్బతీస్తుంది. వేప చల్లిన మర్నాడు పురుగు బతికే కనిపిస్తే మందు పనిచేయలేదని పారబోయనక్కర్లేదు. అది తినడం మానేసి, ఎదగలేక కొద్ది రోజుల్లో చస్తుంది.

కషాయం తయారీ తేలిక. లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు దంచి, పల్చటి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా నానబెట్టాలి. తెల్లారి మూటను పిండి, వడగట్టి, కాస్త సబ్బు గానీ కుంకుడు రసం గానీ కలిపితే ఆకుకు అంటుకుంటుంది. ఇదే ఐదు శాతం వేపగింజల కషాయం. అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది కాబట్టి సాయంత్రమే చల్లాలి. ఏ పూటకు కావాల్సింది ఆ పూటే చేసుకోవాలి.

వేపనూనెతో బూజు తెగుళ్ల నివారణ తమ ఆవిష్కరణేనంటూ అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ 1994లో యూరప్‌లో పేటెంట్ పొందాయి. అది భారతీయులకు ముందే తెలిసిన విద్య అని వాదించిన వారు గెలిచారు. 2000లో పేటెంట్ రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది.

బెండ, వంగ మొక్కల మీద చిన్న గొంగళి పురుగులకు పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి నీళ్లలో నానబెట్టి వడగట్టిన రసం వాడతారు. ఘాటు పురుగుల్ని బెదరగొడుతుంది. నూరేటప్పుడూ చల్లేటప్పుడూ కళ్లు, చేతులు జాగ్రత్త. దోస, గుమ్మడి మొలకల్ని చిల్లులు పొడిచే ఎర్ర పెంకు పురుగుకు కట్టెల బూడిద మేలు. తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే చల్లితే ఆకును అంటిపెట్టుకుంటుంది, ఆ ఆకు పురుగుకు రుచించదు. వాన పడితే మళ్లీ చల్లాలి.

బీర, దోస ఆకుల మీద తెల్లటి పొడిలా వచ్చే బూడిద తెగులుకు పల్లెల్లో పుల్లటి మజ్జిగ చల్లుతారు. పాడి సరుకు ఈ తెగులు మీద పనిచేస్తుందనడానికి ప్రయోగశాల రుజువూ ఉంది. 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్, గుమ్మడి జాతికి చెందిన జుకినీ మీద నీళ్లు కలిపిన పాలు పిచికారీ చేసి బూడిద తెగులు అదుపులోకి వచ్చిందని ప్రకటించారు. ఒక పాలు పాలకు తొమ్మిది పాళ్ల నీళ్లు సరిపోతాయి.

మొక్కకు వైద్యం చేయాలన్న ఆలోచన మనకు పాతదే. సుమారు వెయ్యేళ్ల కిందటి సురపాలుడి ‘వృక్షాయుర్వేదం’ చెట్ల పురుగులకు ఆవాలు, వస, వాయువిడంగాల వంటి దినుసులతో చికిత్సలు చెప్పింది. ఆ సంస్కృత గ్రంథానికి నళిని సాధలే చేసిన ఆంగ్లానువాదాన్ని సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది.

పెరట్లో సరే, పొలంలో సాగుతుందా అన్నవారికి పునుకుల గ్రామం జవాబు చెప్పింది. అప్పటి ఖమ్మం జిల్లాలోని ఈ ఊళ్లో పత్తి, మిరప రైతులు పురుగుమందుల అప్పుల్లో కూరుకుపోయారు. స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో, మహిళా సంఘాల పట్టుదలతో వేపగింజల కషాయం, మిర్చి-వెల్లుల్లి కషాయం వైపు మళ్లి, 2004 నాటికి ఊరంతా రసాయన పురుగుమందులు మానేసింది. తర్వాత ఈ పద్ధతిని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమే గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా ఎన్నో జిల్లాలకు విస్తరించింది.

ఇంటి మందు కదా అని హద్దు మరవకూడదు. పొగాకు కషాయంలోని నికోటిన్ మనిషికీ విషమే. పైగా పొగాకు ద్వారా మొజాయిక్ వైరస్ టమాటా, మిరపలకు సోకే ముప్పుంది. ఏ కషాయమైనా మొదట రెండాకుల మీద చల్లి, ఒకరోజు చూసి, మొక్కంతటికీ వాడాలి. పూలమీద తేనెటీగలు తిరిగే వేళ పిచికారీ వద్దు. బెండకు పల్లాకు తెగులు వస్తే ఏ కషాయమూ నయం చేయలేదు. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఆ మొక్కను పీకి పారేసి, మిగతావాటి మధ్య ఆముదం రాసిన పసుపు అట్టలు కట్టాలి. పసుపు రంగుకు వచ్చే దోమ జిడ్డుకు అంటుకుపోతుంది.

మేడల మీద తోటలు పెంచేవారు వేపపప్పు కొనాల్సిన పని కూడా లేదు. జూన్, జూలై నెలల్లో వీధి చెట్ల కింద రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజల్ని నీడన ఆరబెట్టి గోనెసంచిలో దాచుకోవచ్చు. ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడుతుంది. కిలో పప్పుతో 20 లీటర్ల కషాయం వస్తుంది. పిచికారీకి రెండు లీటర్లు పట్టే చిన్న తోటకు అది పదిసార్లకు సరిపోతుంది, వానాకాలం బెండ నుంచి సంక్రాంతి వంకాయల దాకా.