ఊళ్లో ఉండి చూస్తేనే

మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం, మానవశాస్త్రం, వాటితోపాటు ఆర్థిక, రాజనీతి శాస్త్రాల్లో కొంత భాగం. వీటన్నిటినీ కలిపి ప్రవర్తనా శాస్త్రాలు అనడం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. 1951లో ఫోర్డ్ ఫౌండేషన్ ఆ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. 1954లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో వీటికోసమే ఒక పరిశోధన కేంద్రం వెలిసింది. ఈ శాస్త్రాలకు ప్రయోగశాలలున్నాయి, ప్రశ్నావళులున్నాయి. మన పల్లెను మనకు పట్టిచ్చింది మాత్రం మానవశాస్త్రజ్ఞుల పద్ధతే: ఊళ్లో మకాం పెట్టి నెలల తరబడి చూడటం.

1915, 1918 మధ్య ట్రోబ్రియాండ్ దీవుల్లో జనం నడుమ గుడారం వేసుకుని ఉన్న మానవశాస్త్రజ్ఞుడు మలినోవ్‌స్కీ ఈ పద్ధతికి గట్టి పునాది వేశాడు. కొత్తగా వచ్చినవాడి ముందు ఎవరూ మనసు విప్పరు కాబట్టి పని మామూలు విషయాలతో మొదలవుతుంది. ముందు ఇంటింటి జాబితా. తర్వాత వంశవృక్షం. ఇది నీలగిరుల్లోని తోడా తెగపై 1906లో పుస్తకం రాసిన మానవశాస్త్రజ్ఞుడు రివర్స్ తీర్చిదిద్దిన ఉపాయం. ‘‘మీ అమ్మ పేరేంటి? ఆమె కన్నపిల్లలెవరు? వాళ్లు ఎవరిని చేసుకున్నారు?’’ అని అడుగుతూ పోతారు. బాబాయి, పెద్దమ్మ లాంటి పిలుపులను మొదట పక్కన పెడతారు. మన ఊళ్లలో కులం వేరైనా వరస కలిపి పిలుచుకుంటాం కదా, ఆ పిలుపునే నమ్ముకుంటే చుట్టరికాలన్నీ కలగాపులగమైపోతాయి. రక్తసంబంధాలు కాగితం మీద తేలాక ఒక్కో పేరు మీద వేలుపెట్టి ‘‘ఈయన్ని ఏమని పిలుస్తావు?’’ అని అడుగుతారు. ఎవరికి ఎవరిని ఇవ్వొచ్చో, పొలం ఎవరి చేతికి పోయిందో, పాత తగాదా ఎక్కడ పుట్టిందో అన్నిటికీ ఆ కాగితమే దారి చూపిస్తుంది. చూసిందీ విన్నదీ ఏ రోజుకారోజు రాసుకోవాలి.

హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటలో మానవశాస్త్రజ్ఞుడు ఎస్.సి. దూబే 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందంతో చేసిన పని నాకు ప్రత్యేకంగా ఇష్టం. ఆ బృందం ఊరిని పరిశీలించి ఊరుకోలేదు, వైద్యం, పశువైద్యం, వ్యవసాయాల్లో సాయం కూడా చేసింది. 1955లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఇండియన్ విలేజ్’ ఆ తెలంగాణ పల్లెను ప్రపంచమంతా చదివేలా చేసింది.

మైసూరు సమీపంలోని ఊరికి రాంపుర అని మారుపేరు పెట్టి మరో మానవశాస్త్రజ్ఞుడు ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో అక్కడ ఉన్నారు. ధర్మశాస్త్రాల లెక్కన బ్రాహ్మణులు పైన. ఊళ్లో మాట చెల్లేది మాత్రం భూమీ, జనబలమూ ఉన్న ఒక్కలిగ కులస్తులది. తగాదా ఎవరి అరుగు మీద తీరుతోందో, ఎవరు ఎవరి కోసం వేచి ఉంటున్నారో రోజూ చూడబట్టే ‘ఆధిపత్య కులం’ అనే భావన ఆయనకు దొరికింది. ఇవాళ్టికీ మన ఎన్నికల విశ్లేషణ ఆ మాట లేకుండా సాగదు.

1970 ఏప్రిల్‌లో, శ్రీనివాస్ మొదట చెప్పిన ఆ స్టాన్‌ఫర్డ్ కేంద్రంలోనే ఉండగా, దుండగులు అక్కడ నిప్పు పెట్టారు. ఏళ్ల తరబడి క్రమబద్ధం చేసుకున్న రాంపుర నోట్సు మూడు ప్రతులూ కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం మీదే ఆధారపడి రాయడానికి కూర్చున్నారు. 1976లో ‘ది రిమెంబర్డ్ విలేజ్’ వచ్చింది. అందులో పట్టికల కన్నా మనుషులే ఎక్కువగా కనిపిస్తారు. రాంపురలో ఆయన ఊరిపెద్దకు చెందిన ఇంట్లో బస చేశారు. తనది పైకులం వాడి చూపని ఆ పుస్తకంలోనే ఒప్పుకున్నారు. దళితవాడ నుంచి అదే ఊరు ఎలా కనిపించేదో ఆ పుస్తకంలో దొరకదు. దానికి ఆ వాడలోనే మకాం పెట్టేవాళ్లు కావాలి.