‘ముఖద్దిమా’ను ఆదోనిలో చదివితే

రాజ్యాలు ఎందుకు లేస్తాయి, ఎందుకు కూలుతాయి అన్న ప్రశ్న రాగానే మన వక్తలు ఇబ్నె ఖల్దూన్ (1332–1406) పేరు చెబుతారు. 1377లో ఆయన రచించిన ‘ముఖద్దిమా’ నుండి వారు సాధారణంగా గ్రహించేది ఒక్కటే: అసబియ్యత్ గల వర్గం రాజ్యం స్థాపిస్తుంది; భోగాల వల్ల అది సడలగానే మూడు నాలుగు తరాల్లో రాజ్యం చేజారుతుంది. ఈ మాట గ్రంథంలో ఉన్నదే. గ్రంథమంతా ఇదే అనుకోవడం మాత్రం సరికాదు.

ఆదోని చరిత్రనే చూడండి. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తర్వాత ఈ కోట విజయనగరం నుండి బీజాపూరుకు పోయింది. 1688లో సిద్ది మసూద్ ఖాన్ దానిని మొగలు సేనలకు అప్పగించవలసి వచ్చింది. 1786లో టిప్పు సుల్తాన్ పట్టుకున్నాడు. 1800లో నిజాం కంపెనీకి దత్తం చేశాడు. పాలకుల వరుసకు అసబియ్యత్ సూత్రం కొంతవరకు సరిపోతుంది. ఇందరు మారినా మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు చుట్టూ ఊరు ఎలా నిలిచింది? దీనికి జవాబు గ్రంథంలో మరోచోట వెతకాలి.

‘ఉమ్రాన్’ను ‘నాగరికత’ అని తెనిగిస్తే సగం అర్థమే వస్తుంది. మన ఇళ్ళలో వాడే ‘ఆబాదీ’ దానికి దగ్గరి మాట. జనసంఖ్య, ఊరి కళ రెండూ అందులో ఉన్నాయి. పన్ను తేలికైతే జనం ఉత్సాహంగా పనిచేస్తారు, ఖజానా నిండుతుంది. భారమైతే పని మానుకుంటారు, రాబడీ పడిపోతుంది అని ఇబ్నె ఖల్దూన్ వాదించాడు. దత్త మండలాల కలెక్టరు మన్రో 1807లో భూమిశిస్తు నాలుగోవంతు తగ్గించాలని సిఫారసు చేసినప్పుడు ఎదుర్కొన్న సమస్యా ఇదే. పైవారు అప్పట్లో సమ్మతించలేదు.

నేతపనికి ఆయన ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. అసబియ్యత్ రక్తసంబంధం వల్లనే గాక ఒప్పందం వల్లా, ఆశ్రయం వల్లా కలుగుతుందని కూడా చెప్పాడు. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఈ రెండు మాటలకూ చక్కని వ్యాఖ్యానం. అక్కడ మనుషులను కలిపింది మగ్గం.

గ్రంథానికి పరిమితి లేకపోలేదు. రాజ్యమే అన్నిటికన్న పెద్ద బజారు అని ఇబ్నె ఖల్దూన్ నిర్ణయించాడు. 1861–65 అమెరికా అంతర్యుద్ధం ఈ నిర్ణయాన్ని దాటిపోయింది. ఆదోని అప్పుడు బళ్ళారి జిల్లాలోది. ఆ జిల్లా పత్తికి ధర పెరగడానికి కారణం ఏ దర్బారూ కాదు. సముద్రాల అవతల జరిగిన యుద్ధం.

ఇక నేటి సంగతి. ఏటా ఈ ప్రాంతం నుండి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోతున్నాయి. పిల్లల చదువు మధ్యలో తెగిపోతున్నది. జుల్మ్ వల్ల ఉమ్రాన్ శిథిలమవుతుందని, వెట్టిచాకిరీ జుల్మ్‌లో అతి ఘోరమైనవాటిలో ఒకటని చెప్పిన గ్రంథాన్ని పోయిన కోటలను తలచుకోవడానికి మాత్రమే వాడుకోవడం దానికి అన్యాయం చేయడమే. దీనిని తెలుగులో బోధించదలచినవారు పన్నులు, వృత్తులు, జుల్మ్ గురించిన అధ్యాయాలతో మొదలుపెట్టడం మేలు. వంశాల కథ తర్వాతైనా చెప్పుకోవచ్చు.